రెండు వేళ్ళ వదులు

ఆమె గొంతు గురించి నన్నడక్కండి.
నేను దర్జీదాన్ని.
పక్కటెముకల గురించి అడగండి, చెబుతాను.

ఊపిరి వదిలితే డెబ్భై నాలుగు.
పీలిస్తే ఎనభై రెండు.
నడుమనున్న ఆ ఎనిమిది సెంటీమీటర్లే
ఆమె బతుకుతెరువు.

ఎల్బే ఒడ్డున మా చిన్న ఊరి ఒపెరాకి
జివిలె నోర్కూతె వచ్చిన రోజు
టేపు పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాను.
"ఎంతైనా బిగించండి,
ఇక్కడ మాత్రం రెండు వేళ్ళు వదలండి"
అంది వచ్చీరాని జర్మన్‌లో,
నా చెయ్యి లాక్కుని తన నడుం వెనక ఆనించుకుని.
పాలు పొంగుతున్న గిన్నె మీద మూతలా
నా అరచెయ్యి లేచింది.

క్లైపెడా రేవులో వాళ్ళ నాన్న క్రేను నడిపేవాడట.
పొగమంచులో కింద మనుషులు కనబడక
కేకల్ని బట్టే బరువు దించేవాడట.
"కేక వెయ్యడం నాన్న నేర్పాడు.
తర్వాత పదకొండేళ్ళు ఫీజులు కట్టి
అరవకుండా ఉండడం నేర్చుకున్నాను"
అని నవ్వేది.
నా పెదాల మధ్య గుండుసూదులు. నన్ను నవ్వించొద్దనేదాన్ని.

పద్నాలుగేళ్ళు.
పనిపిల్ల, దేవదూత, రాణిగారి మూడో చెలికత్తె.
ప్రతి డిసెంబరూ బడిపిల్లల కోసం మంచుపరి,
పొద్దున్న పదకొండింటికి,
గొంతు ఇంకా పక్క దిగని వేళ.
వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, ఊదారంగు మఫ్లరు,
ఎవరితోనూ మాట్లాడని సోమవారాలు.
గుసగుసగా అయినా చెప్పవే అంటే తల అడ్డంగా ఊపేది,
గుసగుస గొంతుకి విషమట.

పెద్ద పాత్ర ఒక్కటే. ఒక్క రాత్రి.
బెర్లిన్ నుంచి రావలసినామె రైలు మంచులో ఇరుక్కుంటే
మధ్యాహ్నం మూడింటికి కబురు.
ఆ సన్నపామె గౌను విప్పి, అతికి,
అంచు మడిచి కుట్టి, ఏడున్నరకి ఈమెని అందులో దించాను.
తొందరలో
ఆ రెండు వేళ్ళూ వదలడం మర్చిపోయాను.

మూడో అంకంలో ఆమె చిట్టచివరి మెట్టు అందుకున్నప్పుడు
తెర పక్కనున్న నేను స్వరం వినలేదు.
కుట్టు విన్నాను.
పట్.
ఎడమ చంక కింద, ఆరు కుట్లు.
ఆమె ఆగలేదు. తెగిన చోటు నుంచి
ఇంకాస్త గాలి తీసుకుంది.
జనం లేచి నిలబడ్డారని మర్నాడు పేపర్లో వేశారు,
ఆమె పేరు తప్పు వేశారు.

పదిహేనేళ్ళు నిండితే మా దగ్గర ఎవర్నీ తీసెయ్యలేరు.
కాబట్టి పద్నాలుగో ఏట, అక్టోబరు దాటకుండా,
ఉత్తరం వస్తుంది.
'కళాత్మక కారణాల వల్ల.'
ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని
తిన్నగా మా కుట్టుగదికే వచ్చింది.
"కొలువు" అంది.
కొలిచాను.
డెబ్భై నాలుగు. ఎనభై రెండు.
"చూశావా హైడ్రూన్, తగ్గలేదు."
టేపు ఆమె చుట్టూ అలాగే ఉండిపోయింది కాసేపు.

మంచుపరి గౌను మెడ లోపల
వేసుకున్నవాళ్ళ పేర్లు కుడతాం.
కొత్తమ్మాయి పేరు కుట్టాలంటే పాతది విప్పాలి.
విప్పలేదు. దాని మీదే కుట్టాను.
మెడ దగ్గర గరుకుగా ఉందని ఆ పిల్ల ఇప్పటికీ గొణుగుతుంది.

జివిలె ఇప్పుడు శ్మశానం చాపెల్‌లో పాడుతుంది,
పాటకి డెబ్భై యూరోలు.
ఫిబ్రవరిలో మా అక్క గెర్లిండె పోయింది.
"డబ్బిచ్చి ఆ అరుపులు వింటారా" అనేది బతికున్నన్నాళ్ళూ.
ఆమె శవపేటిక మీదుగా
పైన అటక నుంచి ఆ గొంతు దిగింది,
పొగమంచులో బరువు దించినట్టు, నిదానంగా,
ఎవరికీ తగలకుండా.

పాట ఏమిటో గుర్తులేదు.
ఆమె గాలి తీసుకున్న ప్రతిచోటా
ఒళ్ళో ఉన్న నా చెయ్యి
దానంతటదే కొంచెం తెరుచుకుంది.

బయట చినుకులు.
అందరూ గుంట వైపు కదిలారు.
మెట్ల కింద ఆమె కోటు తొడుక్కుంటోంది,
రెండో బొత్తాం ఒక్క దారం మీద వేలాడుతోంది.
సూది నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

"కదలకు" అన్నాను.
"మీ అక్క..." అంది.
"ఆగుతుందిలే. ఊపిరి పీల్చు."